మోడులో ప్రాణం ఎక్కడ?

హైదరాబాద్‌లోని ఖైరతాబాద్, అమీర్‌పేట అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో పెరిగే కరివేపాకుకు చలి గండం లేదు. పక్కనే ఉన్న బేగంపేటలో ఇప్పటిదాకా నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో కోర్సులు నేర్చుకుని టెక్సాస్ చేరినవాళ్ల పెరళ్లలో మాత్రం ఆ మొక్కకు పెద్ద గండమే వచ్చింది.

2021 ఫిబ్రవరి మంచు తుపానులో, 16న ఉష్ణోగ్రత హ్యూస్టన్‌లో మైనస్ 10 డిగ్రీల కిందికి, డాలస్‌లో మైనస్ 19 దాకా పడిపోయింది. కరెంటు లేక లక్షల ఇళ్లు చీకట్లో వణికాయి. ఆ తుపాను 246 మందిని బలిగొన్నట్టు రాష్ట్ర ప్రభుత్వం లెక్క తేల్చింది. అంత విషాదం మధ్య ఒక మొక్క కోసం బెంగపడటం చిన్నతనమేమీ కాదు. పోపులో ఆ ఆకు చిటపటలాడితేనే వంట వంటలా ఉండే ఇళ్లవి.

గడ్డకట్టే చలికి మొదట కణాల మధ్య నీరు మంచవుతుంది. అది కణాల లోపలి నీటిని బయటికి లాగేస్తుంది. మంచు కరిగాక ఆకులు ఉడికించినట్టు వేలాడి, నల్లబడి రాలతాయి. మిగిలేది మోడు. బతికుందా, పోయిందా?

తోట పెంచేవాళ్లు దీన్ని గోటితో తేలుస్తారు. కొమ్మ చివర బెరడు కాస్త గీరితే లోపల గోధుమరంగు, ఎండిన పీచు. జానెడు కిందికి వచ్చి గీరినా అదే. మట్టికి బెత్తెడు ఎత్తున తడిగా, లేత పచ్చగా ఒక గీత కనిపిస్తే ప్రాణం అక్కడిదాకా దిగి ఆగిందన్నమాట.

ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు ఇదే చెబుతాడు. జీవం ఒక కొమ్మను వదిలితే ఆ కొమ్మే ఎండుతుంది, చెట్టంతా వదిలితే చెట్టంతా ఎండుతుంది.

అందుకే ఎండుకొమ్మల్ని వెంటనే నరకకూడదు. అవి కింది భాగానికి కొంత కాపు. పైగా కత్తిరిస్తే తొందరపడి వచ్చే లేతచిగురు మరో చలికి మాడిపోతుంది. ఎరువు కూడా అప్పుడే వద్దు; మట్టి పొడిబారకుండా కాసిని నీళ్లు చాలు. నేల వేడెక్కాక, ఒక్కోసారి మే వచ్చాక, కరివేపాకు వేరు నుంచి కొత్త పిలక లేస్తుంది.

బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు జనకుడి సభలో పండితుల్ని నిలదీసింది ఇలాంటి పిలకను చూపించే. నరికిన చెట్టు వేరు నుంచి మళ్లీ పుడుతుంది. మృత్యువు నరికిన మనిషి ఏ వేరు నుంచి పుడతాడు? వేరుతో పెకలించిన చెట్టు తిరిగి రాదని కూడా ఆయనే అన్నాడు. ఆశకు హద్దు కూడా గీశాడు. గోటికి పచ్చదనం తగిలినంతకాలం కాచుకోవాలి, వేరు కూడా కుళ్లిపోతే కుండీ ఖాళీ చేయాలి. రెండూ మొక్క పట్ల నిజాయితీయే.

తులసి దగ్గర ప్రశ్న మరింత బిగుసుకుంటుంది. గట్టి చలి కొడితే అది వేరుతో సహా పోతుంది. అందుకని ముందే ఎండిన వెన్నుల్ని అరచేతిలో నలిపి, ఆవగింజకన్నా సన్నని గింజల్ని పొట్లం కట్టి దాచుకుంటారు. యాజ్ఞవల్క్యుడి మాటల్లో విత్తనం ప్రస్తావనా ఉంది. వసంతంలో అదే తులసికోటలో లేచే రెండాకుల మొలక పాత తులసేనా, దాని బిడ్డా? పాత తులసమ్మకు పెట్టినట్టే దానికీ పసుపు కుంకుమ పెట్టి, అదే చెంబుతో, మొలక వాలిపోకుండా చెయ్యి అడ్డం పెట్టి నీళ్లు పోస్తారు.