ఈత రానివారు ఎందరు?

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము



మన సంఘాల యువజనులు వచ్చే జనవరిలో యానాములో కూడుకొని, గౌతమీ గోదావరి మీద చిన్న పడవలలో తిరిగి, పండుగొప్పలకు గాలం వేసి, ఒక రాత్రి లంకలో గుడారాలు వేసుకొని గడపాలని ఆశపడుతున్న సంగతి మీలో చాలామందికి తెలిసినదే. బళ్లారి, షోలాపూరు, బరంపురం, చెన్నై సంఘాలనుండి పేర్లు వచ్చాయి. యానాము బిడ్డలతో కలిపి ఇరవైనలుగురు. ఏర్పాట్లు చూడమని యానాము పెద్దలమైన మాకు అప్పగించారు. దానితోబాటు రెండు విధాల సలహాలు కూడా వచ్చాయి. నీళ్లతో ఆటలా, వద్దే వద్దని కొందరు. ప్రార్థన చేసి బయలుదేరితే మిగిలినది ప్రభువే చూచుకొంటాడు, ఇన్ని లెక్కలు వేయడం అవిశ్వాసము కాదా అని మరికొందరు.

మొదటివారికి జవాబు చెప్పడం సులువు. అలసిన శిష్యులను ప్రభువే దోనె ఎక్కించి, జనము లేని చోటికి విశ్రాంతికొరకు తీసికొనిపోయినట్లు మార్కు 6వ అధ్యాయములో ఉన్నది. తెల్లవారుజామున ఒడ్డున బొగ్గుల నిప్పు వేసి, చేపలు కాల్చి, వారికి అన్నపానములు చూచినట్లు యోహాను చివరి అధ్యాయములో ఉన్నది. మన పిల్లలు కోరుతున్నది అంతకంటె వింత ఏమీ కాదు. రెండవవారి మాట మాత్రం మమ్మును చాలా దినములు ఆలోచింపజేసింది. ఎందుకంటే ఆ మాట భక్తిగలవారి నోటనే వస్తున్నది.

పౌలు ఎక్కిన ఓడ సంగతి ఒకసారి చూడండి. ఉపవాసదినము గడిచిపోయింది, సముద్రముమీద తిరగడానికి తగిన కాలము దాటింది. నష్టము రాబోతున్నదని పౌలు ముందే చెప్పాడు. శతాధిపతి ఓడ నడిపేవాని మాట, ఓడ యజమానుని మాట విన్నాడు. ఆ రేవు చలికాలము గడపడానికి వసతిగా లేదని ఎక్కువమంది చెప్పారు. మన కమిటీలలో చేతులెత్తించినట్లే ఉన్నది! దక్షిణపు గాలి కొంచెము మెల్లగా వీచగానే లంగరెత్తారు. ఆ పైన ఊరకులోను గాలి, పదునాలుగు దినముల అవస్థ మీకు తెలిసినవే.

మేము ఆగి చూచిన చోటు ఇది. దూత పౌలునొద్దకు వచ్చి, ఓడలోనివారిలో ఒక్కరి ప్రాణమూ పోదని చెప్పాడు. వాగ్దానము చేతికి వచ్చింది. ఆ తరువాత వారు చేతులు ముడుచుకొని కూర్చున్నారా? నీటిలోతు కొలిచారు. ఇరవై బారలు, కొంచెము ముందుకు పోగా పదిహేను బారలు. (మన పడవవారు నేటికీ తాడును బారలతోనే కొలుస్తారు.) నాలుగు లంగరులు వేశారు. ఓడ పనివారు చిన్న పడవ దించుకొని జారిపోబోతే, వీరు ఓడలో లేకపోతే మీరు బ్రదకరని సైనికులకు చెప్పినది పౌలే. వాగ్దానము పొందినవాడే పని తెలిసినవారిని పోనివ్వవద్దన్నాడు! అందరూ భోజనము చేయవలెనని బ్రతిమాలాడు. అక్కడ లూకా ఒక లెక్క వ్రాశాడు: ఓడలో ఉన్నది 276 మంది. ఆ తుపానులో తలలు లెక్కపెట్టినది ఎవరో గాని, ఒక్కటి తప్పకుండా లెక్కపెట్టారు. చివరకు ఓడ బద్దలవుతుండగా, ఈత వచ్చినవారు ముందుగా దూకి ఒడ్డు చేరాలని, రానివారు పలకలమీద, ఓడ చెక్కలమీద రావాలని శతాధిపతి ఆజ్ఞ ఇచ్చాడు. అందరూ చేరారు. దేవుని వాగ్దానము నెరవేరినది ఆ చెక్కలమీదనే.

మన తాతముత్తాతల సంగతి కూడా ఇట్టిదే. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. అది పరిశుద్ధాత్మ కార్యమని మనము చెప్పుకొంటాము, నిజమే. అయితే ఆరుగురు బోధకులు, ఒక్కొక్కసారి ఇద్దరు చొప్పున నీటిలో నిలిచి, అలసినవారి స్థానములో మరియొకరు దిగుతూ ఆ పని చేశారు. ఆ వరుసను చూచి అవిశ్వాసమని ఎవరూ అనలేదు.

గనుక మేము కాగితము తీసికొని మొదట వ్రాసిన ప్రశ్న: ఈత రానివారు ఎందరు? ఇరవైనలుగురిలో పదిహేడుగురు. బళ్లారిలో, షోలాపూరులో పెరిగిన బిడ్డలు ఎక్కడ నేర్చుకొంటారు? అక్కడ వేసవిలో కుళాయి వస్తే చాలు. యానాములో ఏటి ఒడ్డున పుట్టినవారిలోనే నలుగురికి రాదు. దానికి ఏమి చెప్పాలో మాకు తోచలేదు. ఈ పదిహేడుగురిని విడిచిపెట్టి ఏడుగురితో పోదామని ఒక యువకుడు అన్నాడు. అతనికి ఈత వచ్చును. మేము ఒప్పుకొనలేదు. ఏర్పాటు అంతా ఈ పదిహేడుగురిని చూచే చేశాము.

పడవలు నాలుగు. ఒక్కొక్కటి పన్నెండుమందిని మోయగలదని పడవవారు అంటారు. మేము ఎనిమిదిమందినే ఎక్కిస్తాము: ఆరుగురు పిల్లలు, ఒక పెద్ద, పడవ నడిపేవాడు. నలుగురు పెద్దలలో ఇద్దరు స్త్రీలు. మొత్తము ముప్పదిరెండు తలలు, ముప్పదిరెండు లైఫ్ జాకెట్లు. ఈత వచ్చినవారు కూడా తొడుక్కోవలసినదే, పడవవారు కూడా. జాకెట్లు చాలకపోతే మనుష్యులను తగ్గిస్తాము. పాపికొండలకు పోతున్న పర్యాటక పడవ 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగినది. అంతకు ముందటి ఏడు, 2018 జూలై 14న, మన గౌతమీలోనే పశువుల్లంక దగ్గర బడిపిల్లలున్న పడవ కడుతున్న వంతెన స్తంభానికి తగిలి తిరగబడింది. ఆ రెండు దినములలో కన్నీరు విడిచిన ఇండ్లలో ప్రార్థించేవారు లేరని ఎవరు చెప్పగలరు?

లూకా 5వ అధ్యాయములో రెండు పడవలు మునగబోయినవి తుపానువలన కాదు, చేపలు నిండడంవలన. ఆశీర్వాదానికి కూడా బరువు ఉంటుంది. పడవ అంచుకూ నీటికీ నడుమ జానెడు మిగలాలి. అంతకు తగ్గితే సామాను దించవలసినదే. వంటపాత్రలు, గుడారాలు, నీళ్ల డబ్బాలు వేరే పడవలో ముందుగా పోతాయి.

కాలము ఎందుకు జనవరి అని అడిగారు. వేసవి సెలవులు పిల్లలకు వీలే. అయితే ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరములో మరపడవలకు సముద్రములో వేట నిషేధము. చేపలు గుడ్లుపెట్టి పెరగడానికి ఇచ్చిన గడువు అది. పొట్టకొరకు వేటాడేవారు పడవలు ఒడ్డుకు లాగి పస్తులుండే దినములలో మనము సరదాకు గాలం పట్టుకొని వారి ముందు తిరగడం మాకు న్యాయముగా తోచలేదు. తరువాత వరదలు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తుపానులు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుపానును ఈ ప్రాంతములో మరచినవారు లేరు. వెయ్యిమందికి పైగా పోయారు, వారిలో వేటకు పోయి తిరిగి రానివారు ఎందరో. ఇప్పుడు వాతావరణ శాఖ హెచ్చరికలు ముందుగా వస్తాయి, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల సంగతి చెప్తుంది, తీరరక్షక దళానికి 1554 ఫోను ఉన్నది. ఇవన్నీ పౌలు నాటివారికి లేని మేళ్లు. వాడుకోకపోవడము భక్తి అనిపించుకోదు.

దినములు ఎంచడములో ఒక చిన్న ముచ్చట ఉన్నది. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెద్దది, పాటు పెద్దది, ఏరు ఉరుకుతుంది. అష్టమి, నవమి దినములలో నీరు నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది. అష్టమినాడు ప్రయాణము కూడదని ఊరివారు అంటారు, పడవవారిలో ఒకరు కూడా అన్నారు. కాలములు తెలియడానికి చంద్రుని నియమించినది దేవుడని 104వ కీర్తనలో చదివిన మనకు, చిన్న పడవలకు అంతకంటె మంచి దినము లేదు. నీరు కదిలితేనే చేప గాలానికి వస్తుందని, ఆ దినములలో తక్కువ పడతాయని యువకులు సణిగారు. పడనివ్వండి.

ఇక పండుగొప్ప. ఒడిశాలో ఉన్నవారు దీనిని బెక్టి అంటారు, తమిళనాట కొడువా, మరాఠీవారు జితాడా. నాలుగు భాషలలో పెరిగిన మన పిల్లలు ఒకే చేపకు నాలుగు పేర్లు చెప్పుకొని నవ్వుకొంటారు, చూడండి. ఆంగ్లములో దీనినే సీ బాస్ అంటారు. అమెరికాలో పడవలు, గుడారాలు కట్టుకొని సరస్సులకు పోయి పట్టే బాస్ వేరు, అది మంచినీటి చేప. 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ అనే పల్లెటూరి యువకుడు 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్‌ను పట్టాడు. దానితో సమానమైనది 2009లో జపానులో గాని దొరకలేదు. పెర్రీ ఇంటివారు ఆ చేపను వండుకొని తిన్నారు. మాకు ఆ పని నచ్చింది.

మన పండుగొప్ప ఉప్పునీటిలోను, మంచినీటిలోను బ్రదుకుతుంది. మునిగిన మొద్దుల ప్రక్కన, మడచెట్ల వేళ్ల నీడన కదలకుండా పొంచి ఉండి, ఎర దగ్గరకు రాగానే ఒక్కసారి మ్రింగుతుంది. బ్రతికిన రొయ్య దానికి మంచి ఎర. గాలానికి పడగానే నీటిపైకి ఎగురుతుంది. అప్పుడు పిల్లలందరూ ఒకేవైపు లేచి నిలిస్తే పడవ గతి ఏమిటో చెప్పనక్కరలేదు. కూర్చున్నవారు కూర్చునే ఉండాలి. మొప్పల అంచు కత్తివలె కోస్తుంది, వేళ్లు పెట్టరాదు.

ఈ చేపలో ఒక వింత ఉన్నది. మొదట మగదిగా పెరిగి, కొన్నేండ్లకు ఆడదిగా మారుతుంది. కాబట్టి బాగా పెద్దవి సాధారణముగా తల్లులే. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పక్షిగూటిని గురించిన ఆజ్ఞ మీకు జ్ఞాపకమున్నది గదా: పిల్లలను తీసికొనవచ్చును, తల్లిని పోనివ్వాలి. ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నప్పుడు పాఠమునకు ఉపకరణము కావాలని మా గురువులు పట్టుపట్టేవారు. ఈ ఆజ్ఞకు ఇంతకంటె ఉపకరణము మాకు దొరకలేదు. మధ్యరకము చేపలను కూరకు ఉంచుకొంటాము. మిక్కిలి పెద్దది పడితే ఫోటో తీసి, వెంటనే నీటిలో విడుస్తాము. ఇందుకు సమ్మతించనివారు గాలం ముట్టరాదు. ఈ నియమముమీద చాలా వాదన జరిగింది, ఇంకా జరుగుతుంది.

పడవలవారు మత్స్యకారులు. ప్రభువు సీమోను పడవను అరువు అడిగి బోధించాడు. తిరిగి ఇచ్చినప్పుడు అది ఖాళీగా లేదు. రెండు దినముల వేట మానుకొని మనతో వస్తున్నవారికి ఆ రెండు దినముల కూలి ముందే ఇస్తాము, బేరము లేకుండా. వారు వలలు కట్టిన చోట గాలం వేయము. నీటిమీద వారి మాటే మాట. పెద్దలమైన మేము కూడా లోబడతాము. గాలి మారింది, తిరుగుదామని వారు అంటే చర్చ లేదు, చేతులెత్తించడము లేదు. శతాధిపతి కథలో పని తెలిసినవాడే తప్పు చెప్పాడు గదా అని ఒకరు మమ్మును అడిగారు. నిజమే. వాడు పోదామన్నాడు. పోదామని చెప్పేవాని మాట పదిసార్లు ఆలోచించండి, ఆగుదామని చెప్పేవాని మాట ఒక్కసారికే వినండి.

బస మడ అడవిలో కాదు. కోరింగ అడవులు 1978 నుండి అభయారణ్యము. అటవీశాఖవారి అనుమతి లేనిదే అడుగు పెట్టము. లంకలో కొబ్బరితోట యజమాని చోటు ఇచ్చారు. పోటు గుర్తుకు బాగా పైన గుడారాలు. ఆడపిల్లలకు వేరుగా, స్త్రీ పెద్దల గుడారము ప్రక్కనే. అక్కడి నీరు ఉప్పన గనుక తలకు దినమునకు అయిదు లీటర్ల చొప్పున రెండు దినములకు 320 లీటర్లు, అనగా ఇరవై లీటర్ల డబ్బాలు పదహారు. చీకటి పడిన తరువాత ఎవరూ నీటిలో దిగరాదు. శుక్రవారము ఉదయము బయలుదేరి శనివారము పొద్దుండగానే రేవు చేరతాము. ఆదివారము యానాము మందిరములో అందరము ఆరాధనలో ఉంటాము.

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, పండుకొనేముందు, లేవగానే ప్రతి పడవ పెద్ద తన ఏడుగురిని పేరుపెట్టి పిలవాలి. "అందరూ ఉన్నారా" అని అడగడం లెక్క కాదు. లేనివాడు లేనని చెప్పలేడు.

పేర్లు పంపినవారు తల్లిదండ్రుల సంతకముతో మరియొక కాగితము డిసెంబరు మొదటి ఆదివారములోగా పంపాలి. ఈత వచ్చునో రాదో మీ చేతితోనే వ్రాయండి. సిగ్గుపడి వచ్చునని వ్రాయవద్దు. రాదని వ్రాసినవారిని పడవలో నడుమ, పెద్దల ప్రక్కన కూర్చోబెడతాము; చేప మొదట చూచేది కూడా వారే. గుడారాలు షోలాపూరువారు తెస్తున్నారు. గాలాలు మాయొద్ద ఉన్నవి. దుప్పటి ఎవరిది వారే తెచ్చుకోవాలి, జనవరిలో ఏటి ఒడ్డున మంచు ఎక్కువ.

ప్రభువునందు మీ,
సంఘ పెద్దలు, యానాము