కట్ట మీది మంత్రగత్తె

అనంతపురం పీఠభూమిలో పెరిగే పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లల కోసం మంత్రగత్తెలూ సముద్రమూ ఉన్న నవల ఒకటి తెలుగులో రావాలని నా కోరిక. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండే సీమలో సముద్రం కథ ఎవరికి కావాలని అడిగేవాళ్లుంటారు. కానీ ఈ నేల తలరాత రాసేది సముద్రమే. అరేబియా సముద్రం మీదుగా వచ్చే నైరుతి గాలి పడమటి కనుమల మీదే బరువు దించుకుని ఇక్కడికి వట్టి గాలిగా చేరుతుంది. ఈశాన్య రుతుపవనాలు తీరంలో కురిసినంతగా ఇంత లోపలికి వచ్చి కురవవు. వేరుశనగ ఊడ దిగే వేళకు నేలలో పదును ఉంటుందా లేదా అన్నది రైతు కంటికి కనిపించని ఆ నీళ్ల చేతుల్లో ఉంది. అందుకే వాన కోసం విరాటపర్వం చదివించారు, కప్పలకు పెళ్లిళ్లు చేశారు. కథ వింటే మబ్బు కదులుతుందని నమ్మిన జనానికి, గాలినీ నీటినీ శాసించే మంత్రగత్తె పరాయి మనిషేమీ కాదు.

పైగా అలాంటి కథ ఒకటి ఇక్కడ ముందే ఉంది. అనంతపురం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం చెరువు మొదటి బుక్కరాయల కాలం నాటిదని చెబుతారు. ఒక ఏడు కుండపోత వానకు కట్ట తెగేలా ఉంటే, బసిరెడ్డి అనే ఆయన కోడలు ముసలమ్మను బలి ఇస్తేనే ఊరు దక్కుతుందని దైవం పలుకు వినిపించిందట. పేరుకే ముసలమ్మ గానీ పడుచు ఇల్లాలు. అయినవాళ్ల దగ్గర సెలవు తీసుకుని నీళ్లలోకి దిగింది, కట్ట నిలిచింది. ఈ కథనే కట్టమంచి రామలింగారెడ్డి 1899లో ‘ముసలమ్మ మరణం’ కావ్యంగా రాశారు. కరువు సీమ ఇంత పదిలంగా దాచుకున్న కథ నీళ్లు ఎక్కువైన రోజు గురించి కావడం నన్ను ఆలోచనలో పడేస్తుంది.

చెరువు కట్ట ఉన్నట్టుండి తెగదు. ముందు వెలుపలి వైపు, కట్ట అడుగున సన్నటి ఊట కనిపిస్తుంది. ఆ నీళ్లు తేటగా ఉన్నంతసేపు పెద్ద భయం లేదు. ఎర్రగా మారాయంటే లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట. ఎలుక బొరియో ఎండ్రకాయ బొక్కో చాలు దానికి. చెరువు నీళ్లు చూసుకునే నీరుగంటికి ఇదంతా తెలుసు. దైవం పలకడానికి ముందే ఆ ఎర్ర ఊటను ఎవరో చూసి ఉండాలి, కట్టకు మట్టి పోయలేదనీ, ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే మరవ పూడిపోయిందనీ ఎవరో చెప్పి ఉండాలి. కథలో వాళ్లకు చోటు దొరకలేదు. ఊరంతటి బాధ్యత ఒక కోడలి ప్రాణం మీదికి వచ్చి పడింది. సరే అంది కాబట్టి ముసలమ్మ దేవతైంది. దిగనని ఉంటే అదే ఊరు ఆమెను మంత్రగత్తె అని తరిమి ఉండేదని నా నమ్మకం. ఆ కాదన్న అమ్మాయి కథ మనకు లేదు. దాన్ని చెప్పడానికి అద్భుత నవలే కావాలి. వాస్తవిక కథలో దైవం పలుకును మూఢనమ్మకమని ఒక్క వాక్యంతో తోసేయొచ్చు, అప్పుడిక ఆమె దేనికి ఎదురు నిలిచిందో తెలియదు. దైవం నిజంగా పలికే లోకంలో దైవానికి ఎదురు చెప్పడం ఎంత బరువైన పనో పిల్లలకు తెలియాలి.

ఇది ముసలమ్మ త్యాగాన్ని చులకన చేయడమని కొందరు నొచ్చుకోవచ్చు. కానీ కాదనే వీలుందని చూపినప్పుడే సరే అన్న మాటకు విలువ. వేరే దారి లేని మనిషి చేసినదాన్ని త్యాగమనడానికి నా మనసు ఒప్పదు. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ వస్తుంటే, పిల్లల చేతికి మంత్రగత్తెల కథ ఇస్తామా? భయం న్యాయమైనదే. అయితే చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ చదివిన పిల్లలు కుండలినీ ద్వీపం నుంచి ఓడలెక్కి ఏకాక్షి, చతుర్నేత్రుల మంత్రాల మధ్య తిరిగొచ్చారు. వాళ్లు ఆ కథల వల్ల మూఢులయ్యారని నేను అనుకోను. అక్కడ మాంత్రికులను బయటినుంచే చూస్తాం. ఉర్సులా లెగ్విన్ 1968లో రాసిన ఎర్త్‌సీ నవల మాంత్రికుడయ్యే పిల్లవాడి మనసులోంచి సాగుతుంది. అక్కడ గాలీ వానా ఊరికే మాట వినవు, ఒకచోట కదిపితే మరోచోట తూకం చెడుతుంది. గుంపు వైపునుంచి కాక, అనుమానానికి గురైన మనిషి మనసులోంచి కథ చదివిన పిల్ల రేపు ఆ గుంపులో కలవడం అంత తేలిక కాదు.

అమ్మాయి కాదన్న తర్వాతే రాసేవాళ్లకు అసలు కష్టం. చెరువు ఆమె జవాబు కోసం ఆగదు. మరవ పక్కన తెగ్గొట్టి నీళ్లు వదిలితే కట్ట నిలవొచ్చు, కింద మాగాణి మునుగుతుంది. ముందు మునిగేవి తూము దగ్గరి రెడ్ల మళ్లా, వాగు వారన ఉన్న పేదల చేలా అన్నది ఎక్కడ తెగ్గొడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆమె మంత్రం నీటిని ఎటు తిప్పినా ఎవరిదో ఒకరి పంట అడ్డం వస్తుంది. ఊరంతా కట్ట మీద చేరి ఆ లెక్క తేల్చుకోవలసిన రాత్రికి నవలలో సగం పేజీలు ఇచ్చినా ఎక్కువ కాదనిపిస్తుంది నాకు.