రేపటి అన్నం: గృహస్థధర్మంలో నిల్వకు గల స్థానం

రేపటి కోసం ఆహారాన్ని దాచుకోవడం ధర్మమా, లోభమా అన్న ప్రశ్న భారతీయ చింతనలో చాలా పాతది. దానికి గ్రంథాలు ఇచ్చిన సమాధానాలు పైకి ఒకదానికొకటి పొసగనట్లే కనిపిస్తాయి. పతంజలి యోగసూత్రాలు అపరిగ్రహాన్ని, అంటే బతకడానికి కావలసినదానికి మించి దేనినీ కూడబెట్టకపోవడాన్ని, ఐదు యమాలలో ఒకటిగా లెక్కించాయి. కడుపు నిండేంత వరకే మనిషికి హక్కు ఉందని, అంతకు మించి తనదనుకునేవాడు దొంగతో సమానమని భాగవతం సప్తమస్కంధం కఠినంగా తేల్చింది. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి మాత్రం అన్నాన్ని నిందించరాదని, దానిని విస్తారంగా సమకూర్చుకోవాలని, ఆశ్రయం కోరి వచ్చినవారిని కాదనరాదు గనుక ఏదో ఒక విధంగా ఇంట్లో అన్నం సమృద్ధిగా ఉండేటట్లు చూసుకోవాలని వ్రతంగా విధించింది. ఒకటి వద్దంటున్నది, మరొకటి కావాలంటున్నది. ఈ రెండింటి నడుమ నెల జీతంతో నడిచే సంసారం ఎక్కడ నిలబడాలన్నదే ఇక్కడి విచారణ.

మనుస్మృతి నాలుగవ అధ్యాయం గృహస్థులను వారి ఇంటిలోని నిల్వను బట్టి నాలుగు రకాలుగా విభజించింది. గాదె నిండా ధాన్యం ఉన్నవాడు కుసూలధాన్యకుడు, కుండ నిండా ఉన్నవాడు కుంభీధాన్యకుడు, మూడు రోజులకు సరిపడా ఉన్నవాడు త్ర్యహైహికుడు, రేపటికి ఏమీ మిగుల్చుకోనివాడు అశ్వస్తనికుడు. వీరిలో వరుసగా తరువాతివాడు ముందువాడి కంటే శ్రేష్ఠుడని కూడా ఆ గ్రంథమే చెప్పింది. ఇంతవరకే చదివితే నిల్వ తగ్గేకొద్దీ పుణ్యం పెరుగుతుందని అనిపిస్తుంది. అయితే ఆ మాటలు బ్రాహ్మణ గృహస్థుని జీవనవృత్తిని గురించి చెప్పినవనీ, దానికి ముందున్న మూడవ అధ్యాయంలోనే సకల ప్రాణులూ గాలిని ఆశ్రయించి బతికినట్లు తక్కిన ఆశ్రమాల వారందరూ గృహస్థుని ఆశ్రయించి బతుకుతారని చెప్పి ఉన్నదనీ మరువరాదు. రేపటికి ఏమీ ఉంచుకోని సన్న్యాసి భిక్షకు వచ్చేది ఎవరో ఒకరి కుండ నిండి ఉన్న ఇంటికే. కాబట్టి అపరిగ్రహం ఎంత ఉన్నతమైన నియమమైనా, పిల్లలూ వృద్ధులూ ఉన్న ఇంటి యజమాని దానిని యథాతథంగా పాటిస్తే, తన నియమం కోసం ఇతరులను పస్తులుంచినవాడవుతాడు. అది త్యాగం అనిపించుకోదు.

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణమైన ఖరగ్‌పూర్‌లో, తెలుగువారు నివసించే ఝపటాపూర్ వంటి చోట ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువు ఉన్నది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పంతొమ్మిదవ, ఇరవయ్యవ శతాబ్దాల సంధికాలంలో ఇక్కడ జంక్షన్‌నూ వర్క్‌షాపునూ నెలకొల్పిన తరువాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు పని కోసం తరలివచ్చి తరతరాలుగా స్థిరపడ్డాయి. వారు విడిచి వచ్చిన ఊళ్ళలో ధాన్యం ఇంటిలోనే ఉండేది. పంట చేతికి రాగానే గాదెలోనో, ఎండుగడ్డి వెంటితో చుట్టిన పురిలోనో పోసుకుంటే ఏడాది పొడుగునా ఇంటికి అదే భరోసా. రైల్వే ఊరిలో ధాన్యం కోమటి కొట్టులో ఉంటుంది, ఇంటిలో ఉండేది జీతం మాత్రమే. జీతం ఆగినా, కొట్టు మూతపడినా, రోడ్డు తెగినా రెండు మూడు రోజులలోనే వంటింటికి తెలిసిపోతుంది. కుసూలధాన్యకుల సంతతి తనకు తెలియకుండానే త్ర్యహైహికుల స్థితికి చేరింది, అదీ ఏ వైరాగ్యం వల్లా కాదు.

ఆ స్థితి ఎంత పెళుసైనదో ఈ ఊరి చరిత్రే చెబుతుంది. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు సమ్మెనూ లాకౌటునూ చూసింది. బరంపురంలో పుట్టి తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఆ రైల్వే కార్మికోద్యమ నాయకులలో ఒకరు. 1974 మే నెలలో దేశవ్యాప్త రైల్వే సమ్మె ఇరవై రోజులు సాగింది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై, అది పూర్తిగా సడలక ముందే మే 20న ఆంఫన్ తుపాను బెంగాల్ తీరాన్ని తాకింది. సమ్మెలో నిలబడిన కార్మికుని ధైర్యం అతని సిద్ధాంతం మీద ఎంత ఆధారపడిందో, ఇంటిలోని బియ్యం డబ్బా మీద కూడా అంతే ఆధారపడింది.

వీటన్నిటికంటే లోతుగా ఆలోచింపజేసేది 1943 నాటి కరువు. 1942 అక్టోబరు 16న వచ్చిన తుపాను, ఖరగ్‌పూర్ కూడా ఉన్న నాటి మేదినీపూర్ జిల్లాలోని కాంథీ, తమ్లుక్ ప్రాంతాలను ముంచెత్తింది. మరుసటి సంవత్సరం బెంగాల్ అంతటా ఆకలి చావులు సంభవించాయి. కరువు విచారణ సంఘం 1945లో ఆ మరణాలను సుమారు 15 లక్షలుగా అంచనా కట్టగా, తరువాతి పరిశోధకులలో కొందరు సుమారు 30 లక్షలుగా లెక్కించారు. 1943లో బెంగాల్‌లో అందుబాటులో ఉన్న ఆహారం 1941లో కంటే తక్కువేమీ కాదని, ధరలు పెరిగి పేదలకు కొనే శక్తి పోవడమే చావులకు ముఖ్య కారణమని ఆర్థికవేత్త అమర్త్య సేన్ 1981లో వాదించారు. ధర ఇంకా పెరుగుతుందని వ్యాపారులు బిగబట్టిన బియ్యం, భయంతో ఉన్నవారు ఎగబడి కొన్న బియ్యం, రెండూ కలిసి లేనివారి కంచాన్ని ఖాళీ చేశాయి. కడుపుకు మించి తనదనుకునేవాడు దొంగతో సమానమన్న భాగవతం హెచ్చరిక ఇక్కడ అక్షరాలా నిజమైంది.

అయితే ఆ హెచ్చరిక ఏ నిల్వకు వర్తిస్తుంది? కొన్న పరిమాణం కంటే కొన్న సమయమే ఈ విషయంలో నిర్ణాయకం. కొట్టులో సరుకు పుష్కలంగా ఉన్న నెలలో ఒక ఇల్లు కిలోన్నర బియ్యం అదనంగా కొంటే ఎవరి వాటా తగ్గదు, ధర కదలదు. పైగా కొరత వచ్చిన రోజున ఆ ఇల్లు వరుసలో నిలబడదు గనుక, ఆ రోజు ఏమీ లేనివారికి ఒక చోటు మిగులుతుంది. అదే ఇల్లు తుపాను హెచ్చరిక వినగానే బస్తా ఎత్తుకుపోతే పొరుగువారి పూట భోజనాన్ని పట్టుకుపోయినట్లే. ఈ కారణం వల్ల కొంచెం కొంచెంగా కూర్చుకోవడం బీదవారి పొదుపు ఉపాయం మాత్రమే కాదు, నిల్వను దోషం లేనిదిగా చేసే నియమం కూడా అదే.

కౌటిల్యుని అర్థశాస్త్రం కోష్ఠాగారాధ్యక్షునికి, అంటే రాజ్య ధాన్యాగారాన్ని చూసే అధికారికి, సరుకులో సగాన్ని ప్రజల ఆపదల కోసం అట్టిపెట్టి తక్కిన సగాన్ని వాడాలని, పాత సరుకు స్థానంలో కొత్తది చేరుస్తూ ఉండాలని ఆదేశించింది. బైబిలు ఆదికాండంలో యోసేపు పంటలు పండిన ఏడేళ్ళూ అయిదో వంతు చొప్పున తీసి కరువు ఏళ్ళకు ఉంచాడు. ఖురాన్‌లోని యూసుఫ్ గాథలో కోసిన పంటను వెన్నుల్లోనే ఉంచమన్న సూచన కూడా ఉన్నది. హిందువులు, క్రైస్తవులు, ముస్లిములు ఇరుగుపొరుగున బతికే ఖరగ్‌పూర్‌లో ఏ ఇంటివారికైనా ఈ మాట తమ గ్రంథంలోనే దొరుకుతుంది.

లెక్క కూడా సామాన్యుని అందుబాటులోనే ఉన్నది. మనిషికి రోజుకు 300 గ్రాముల బియ్యం, 50 గ్రాముల పప్పు అనుకుంటే నలుగురున్న ఇంటికి పదిహేను రోజులకు 18 కిలోల బియ్యం, 3 కిలోల పప్పు కావాలి. నెలనెలా మామూలు సరుకుతో పాటు కిలోన్నర బియ్యం, పావుకిలో పప్పు అదనంగా తెచ్చుకుంటే ఏడాదిలో ఆ మొత్తం సమకూరుతుంది. నెలకు కిలోన్నర అంటే ఎసట్లో పోసే ముందు రోజుకొక పిడికెడు, సుమారు 50 గ్రాములు, తీసి పక్కన పెట్టడమే. ఉప్పు, చింతపండు, ఎండుమిరప, బెల్లం ఒక్కో నెల ఒక్కొక్కటి చేర్చవచ్చు. పొయ్యి వెలగని రోజులకు అటుకులు, మేదినీపూర్ వారి నిత్యాహారమైన మరమరాలు ఉండాలి. ఉత్తరాంధ్ర ఇళ్ళకు అలవాటైన చోడి పిండి కొద్దిపాటి వంటచెరకుతోనే అంబలి అవుతుంది. ఈ ప్రాంతపు వానాకాలంలో తేమ గింజకు ప్రధాన శత్రువు కాబట్టి, వానలకు ముందే పప్పులను ఎండబెట్టి, బిగుతు మూత ఉన్న రేకు డబ్బాలలో ఎండు వేపాకు వేసి, నేలకు తగలకుండా పీట మీద పెట్టాలి. పాతది ముందు వండుకుని కొత్తది వెనుక పోయాలి. తాగునీటిని మరవకూడదు.

భృగువల్లి నిల్వకు చెప్పిన కారణం అతిథి. ఆ కారణాన్ని తీసివేస్తే మిగిలేది భయం మాత్రమే. మహాభారతం అశ్వమేధపర్వంలో కరువు రోజున ఉంఛవృత్తి బ్రాహ్మణుడు, అంటే కోసిన పొలంలో రాలిన గింజలు ఏరుకుని బతికేవాడు, భార్య, కొడుకు, కోడలితో సహా తమ వాటా పేలపిండిని అతిథికి పెట్టేశాడు. ఆ కథ సాధారణంగా త్యాగానికి ఉదాహరణగా చెప్పబడుతుంది. కానీ ఒక ఇల్లు పస్తుంటేనే తప్ప మరొకరికి పెట్టలేని స్థితి ఎంత దారుణమో కూడా అది చూపుతుంది. అందరి నుంచీ అంత త్యాగాన్ని కోరడం న్యాయం కాదు. ఆ అవసరం రాకుండా చూడటమే నిల్వ చేయగల ఉపకారం.

ఏ పూటకు ఆ పూట కూలితో గడిచే ఇంటికి పిడికెడు తీయడం కూడా భారమే. అటువంటి ఇంటిని మీరు ఎందుకు దాచుకోలేదని అడగడం క్రూరత్వం. ఆ ఇంటి కోసం కూడా దాచే భారం జీతం వచ్చే ఇళ్ళ మీద పడుతుంది. కంచి పరమాచార్య చంద్రశేఖరేంద్ర సరస్వతి ప్రతి ఇల్లూ రోజుకొక పిడికెడు బియ్యం పేదల కోసం తీసి ఉంచాలని ప్రబోధించారు. మిజోరం క్రైస్తవ స్త్రీలు 1910 నుంచి వంట బియ్యంలో పిడికెడు తీసి చర్చికి ఇస్తూ వచ్చారు. ఝపటాపూర్ తెలుగు కుటుంబాలు అక్టోబరు తుపాన్లు రాకముందే తమ డబ్బా పక్కన రెండో డబ్బా ఒకటి పెట్టి, తమకు రెండు పిడికిళ్ళు పడినప్పుడల్లా అందులో ఒకటి వేసి, వీధిలో ఏ ఇంటికి అది అవసరమో ముందుగానే తెలుసుకుని ఉండాలి.