మెరుగూ, తరుగూ

బంగారం కొట్టు మెట్లెక్కిన ఆడవాళ్లకి రెండు మాటలు కంఠతా వచ్చి ఉంటాయి. ఒకటి మజూరీ, రెండోది తరుగు. మజూరీ మీద బేరమాడతాం, తరుగు మీద అనుమానపడతాం. అయినా తరుగు లేకుండా నగ రాదన్న సంగతి మన అమ్మమ్మల నాటినుంచీ ఒప్పుకున్నదే. పాత గొలుసుకి మెరుగు పెట్టించుకొస్తే తళతళలాడుతుంది, తూకం వేస్తే పిసరంత తగ్గుతుంది. ఆ పిసరు ఎటుపోయిందని కొట్టువాడితో దెబ్బలాడిన అత్తగార్లున్నారు గానీ, మెరుగు ఊరికే వస్తుందనుకున్న అత్తగారిని నేనింతవరకూ చూడలేదు.

ఇంత తేలిక సంగతి కారు దగ్గరికొచ్చేసరికి మగవాళ్లకెందుకు తట్టదో నాకు అంతుబట్టదు. ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, ఓ సీసా, ఓ మెత్తటి గుడ్డా పుచ్చుకుని కిందికి దిగుతారు మావారు. "ఎక్కడికండీ?" అంటే "పాలిష్ వెయ్యాలి" అంటారు. వెయ్యడమంటే ఏదో కొత్తగా పూస్తున్నట్టేగా! నిజానికి పాలిష్ అన్నది వేసేది కాదు, తీసేది. అందులో ఉండేది సన్నటి రాపిడి పొడి. గీత పోవాలంటే దాని చుట్టూ ఉన్న పొరని గీత లోతుదాకా అరగదియ్యాలి. మిట్టపల్లాలు సమానమైతే పడ్డ వెలుతురు చెదిరిపోకుండా తిన్నగా తిరిగొస్తుంది. దాన్నే మనం మెరిసిందంటాం.

ఈ కాలపు కార్లకి రంగు మీద అద్దంలాంటి మరో పొర ఉంటుంది. క్లియర్ కోట్ అంటారు. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు. తలవెంట్రుక మందం 70 మైక్రాన్లు వేసుకోండి. అంటే లక్షలు పోసి, అప్పుచేసి కొన్న బండి అందమంతా వెంట్రుకపాటి మందం కూడా లేని పొర మీద నిలబడి ఉందన్నమాట. మెషిన్ పెట్టి గట్టిగా రుద్దిస్తే ఒక్క విడతలో రెండు మూడు మైక్రాన్లు పోతాయి. ఎండ రంగుని తినెయ్యకుండా ఆపే మందు కూడా ఆ పొరలోనే ఉంది. పండక్కీ పబ్బానికీ ఇలా రుద్దించుకుంటూ పోతే, కొన్నేళ్లకి బానెట్ మీదా కప్పు మీదా పై పొర పెచ్చులు పెచ్చులుగా లేచొస్తుంది. అంత ముద్దు చేసిన కారుకే ఆ గతి పడుతుంది. పక్కింటివాళ్ల కారు ఏ పాలిష్షూ ఎరగక, కాస్త మసకగా, నిక్షేపంలా ఉంటుంది.

పాత అంబాసిడర్లకీ, ప్రీమియర్ పద్మినీలకీ చాలావాటికి ఈ పై పొర లేదు. రంగే ఆఖరి పొర. రుద్దితే గుడ్డకి అంటుకునేది; నీలం కారైతే నీలంగా, ఆకుపచ్చ కారైతే ఆకుపచ్చగా. ఎంత పోయిందో కంటికి కనపడేది గనక చెయ్యి దానంతటదే నెమ్మదించేది. ఇప్పుడు పోయేదానికి రంగు లేదు. గుడ్డ శుభ్రంగానే ఉంటుంది, మనసూ నిబ్బరంగానే ఉంటుంది. కనపడని తరుక్కి మనిషి బాధపడడు. ఇది ఒక్క కారు సంగతే కాదని మీకు నేను వేరే చెప్పాలా?

సరే, అసలీ గీతలు ఎక్కడివి? ఎవరో కిట్టనివాళ్లు మేకుతో గీశారనుకుంటాం. అదీ ఎప్పుడో ఓసారి జరగకపోదు. కానీ ముప్పాతికమువ్వీసం గీతలు తుడవబట్టే పడతాయి. మా హైదరాబాదులో ఏ వీధి చూసినా ఓ మేడ లేస్తూనే ఉంటుంది. సిమెంటూ ఇసకా గాలిలో తేలుతూ వచ్చి రాత్రికి రాత్రి కారు మీద వాలతాయి. వాలినవి వాటంతట అవి పెద్దగా హాని చెయ్యవు. పొద్దున్నే పొడిగుడ్డ పెట్టి పరపరా తుడిచామా, ఒక్కో ఇసకరేణువూ గోరులా గీరుకుంటూ పోతుంది. ఏళ్ల తరబడి పీచుతో తోమిన స్టీలు కంచాన్ని దీపం కింద పెట్టి చూడండి, దీపం నీడ చుట్టూ సన్నటి గీతలు వలయాల్లా కనపడతాయి. ఎండలో నల్ల కారూ అంతే. శుభ్రం మీది మోజే దానికి చత్వారం తెచ్చిపెట్టింది.

కడిగే పద్ధతి ఏమంత బ్రహ్మవిద్య కాదు. ఆడవాళ్లకి కొత్తది అసలే కాదు, పట్టుచీరకి చూపించే ఓర్పు కారుకి చూపిస్తే చాలు. నీడలో, రేకు చల్లారాక కడగాలి. ఎండలో కడిగితే నీళ్లు ఇట్టే ఆరి, వాటిలోని సున్నం మచ్చలు కడుతుంది. ముందు ఉత్తనీళ్లు పోసి దుమ్ము జారిపోనివ్వాలి. గిన్నెలు తోమే సబ్బు పనికిరాదు, ఉన్న మైనాన్ని కూడా ఊడ్చుకుపోతుంది. కప్పు మీదినుంచి మొదలుపెట్టి కిందికి రావాలి, చక్రాలు ఆఖరున, వేరే గుడ్డతో. బకెట్లు రెండుండాలి. ఒకదాంట్లో సబ్బునీళ్లు, రెండోదాంట్లో ఉత్తనీళ్లు. గుడ్డని ఉత్తనీళ్లలో జాడించి, ఆ తర్వాతే సబ్బునీళ్లలో ముంచాలి. లేకపోతే కారు మీద తీసిన ఇసకనే మళ్లీ కారుకి రాస్తాం. గుడ్డ నేలమీద పడిందా, ఇక దానికి ఆ పూట మడి పోయినట్టే. పిట్టరెట్టకి మాత్రం ఆదివారం దాకా ఆగకూడదు. అందులోని ఆమ్లం ఎండకి పొరని కొరికేస్తుంది. తడిగుడ్డ కాసేపు పరిచి, నానాక మెల్లిగా ఎత్తెయ్యాలి. గీకకూడదు.

మైనం సంగతి నాకు ముచ్చటనిపిస్తుంది. కార్లకి పూసే మంచి మైనం పేరు కార్నౌబా. బ్రెజిల్ ఈశాన్యాన, వానల్లేని సీమలో పెరిగే ఓ తాళజాతి చెట్టుది. ఎండకి తన నీరు ఆవిరైపోకుండా ఆ చెట్టు ఆకులకి మైనం పూసుకుంటుంది. చెట్టు దాహానికి దాచుకున్నది మన బానెట్ మీద మెరుస్తోందన్నమాట. ఇది మాత్రం నిజంగా వేసేదే, తీసేది కాదు. కొన్ని వారాలో, రెండు మూడు నెలలో ఉండి, వానకీ ఎండకీ తనే అరిగిపోతుంది. కింది పొర మిగులుతుంది. మళ్లీ పూసుకోవాలి. ఇప్పుడు దాని స్థానంలో సిరామిక్ కోటింగులనీ, పారదర్శకమైన ప్లాస్టిక్ పొరలనీ వచ్చాయి. సిరామిక్ పూతకి గీతే పడదని చెబితే నమ్మకండి. నీళ్లు జారతాయి, మురికి తొందరగా వదుల్తుంది, అంతవరకూ నిజం.

ఇక్కడే నాకో పెద్ద ధర్మసందేహం. కాపాడుకోవడం ఎంతవరకూ మంచిది? రిమోటుకి ప్లాస్టిక్ కవరు, సోఫాకి తొడుగు, ఆ తొడుగు మాయకుండా మీద తువ్వాలు. మంచి పింగాణీ పళ్లేలు అద్దాల బీరువాలో, మనం తినేది సొట్టల కంచంలో. కారుకి వేలు పోసి పై పొర అంటించేది ఎవరికోసమయ్యా అంటే, "అమ్మేటప్పుడు మంచి ధర వస్తుంది" అంటారు మావారు. అంటే అయిదేళ్ల తర్వాత మొహం తెలియని ఎవరో వచ్చి కొనబోయే కారుకి మనం అంతదాకా కాపలావాళ్లం! కవరు కప్పినా అంతే, దుమ్ముపట్టిన కారు మీద కప్పితే గాలికి అదే రాసుకుని గీతలు పడతాయి.

అయినా మావారి ఆదివారం పనిని నేను వేళాకోళం చెయ్యను. చేత్తో కడిగినవాడికి తన వస్తువు తెలుస్తుంది. ఏ తలుపు అంచున తుప్పు మొదలైందో, ఏ టైరు అరిగిందో మొదట ఆయనకే కనపడుతుంది. దీన్ని డాంబికమనలేను. నాకు మింగుడుపడనిది వేరే ఉంది.

మా అపార్టుమెంటులో కార్లు తుడవడానికి ఓ కుర్రాడొస్తాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి. ఒక బకెట్టు, ఒక గుడ్డ, పన్నెండు కార్లు. ఏడుకల్లా అన్నీ అయిపోవాలి, ఆఫీసుల వేళ. ఆరో కారుకొచ్చేసరికి ఆ నీళ్లు ఏ రంగులో ఉంటాయో ఊహించుకోండి. మొన్నటి నెల పై అంతస్తు ఆయన టార్చి వేసి చూసి, బానెట్ నిండా గీతలు పెట్టావంటూ కేకలేసి, జీతంలో మూడొందలు తెగ్గోశాడు. ఆ కుర్రాడు తల వంచుకుని నిలబడ్డాడు. గీతలు వాడి గుడ్డవే, అబద్ధం లేదు. కానీ ఒక్క బకెట్టు నీళ్లు లెక్కకట్టి ఇచ్చిందెవరు? ఏడింటికి గడువు పెట్టిందెవరు? గుడ్డ మార్చుకోమని ఇన్నేళ్లలో ఓ కొత్త గుడ్డ ఇచ్చిన చెయ్యేది? కొట్లో తరుగు కొనుక్కునేవాళ్ల ఖాతాలో పడుతుంది, అది న్యాయం. మెరుపు కావాలన్నది వాళ్లే గనక. ఇక్కడ మెరుపు మనకీ, తరుగు ఆ కుర్రాడికీ.

ఈ మాట నేను సంఘం మీటింగులో అన్నాను. ఒకాయన వెంటనే, ట్యూబు పెట్టి కడిగించేద్దాం, గొడవ వదిలిపోతుందన్నారు. ట్యూబు నిమిషానికి సుమారు పది లీటర్లు పోస్తుంది. కారుకి పది నిమిషాలనుకున్నా వంద లీటర్లు, పన్నెండు కార్లకీ పన్నెండొందలు. 2024 మార్చిలో బెంగుళూరులో తాగేనీళ్లతో కార్లు కడిగితే అయిదువేలు జరిమానా అన్నారు, గుర్తుందిగా. మేం వేసవిలో ట్యాంకరు కోసం బాల్కనీల్లోంచి తొంగి తొంగి చూసేవాళ్లం. కారు పొర దక్కడానికి పక్కింటి బిందె ఖాళీ చెయ్యడం ఏ పాటి ధర్మం?

చివరికి రోజూ తుడవడం మాని, వారానికి రెండుసార్లు కడగాలనీ, రోజుకి నాలుగు కార్లేననీ, జీతం మాత్రం పాతదేననీ తేల్చాం. మూడొందలూ తిరిగిచ్చారు, కాస్త మొహం ముడుచుకునే అనుకోండి. మెత్తటి గుడ్డలు అరడజను నేనూ, ఎదురింటి పిన్నిగారూ కలిసి కొన్నాం. ఇక రెండో బకెట్టు. బకెట్టైతే ఉంది గానీ, అందులోకి నీళ్లు ఎవరి కుళాయినుంచి పట్టాలన్న దాని మీద మళ్లీ మీటింగు పెట్టాలట.