త్రొక్కబడిన మేత

ధ్యానభాగములు: యెహెజ్కేలు 34:17-22, లూకా 5:1-11

యెహెజ్కేలు ప్రవక్త మందలోని బలిసిన గొఱ్ఱెలమీద ఒక నేరము మోపుచున్నాడు. అవి మంచి మేత మేసినందుకు కాదు. మిగిలిన మేతను కాళ్లతో త్రొక్కి, మిగిలిన నీళ్లను బురద చేసినందుకు. వెనుక వచ్చు బక్క గొఱ్ఱెలు ఏమి తినవలెను?

ప్రియ చదువరులారా, భారతదేశమునకును శ్రీలంకకును నడుమనున్న పాక్ జలసంధిలో నేడు జరుగుచున్నది ఇదియే. 1974లో ఉభయ దేశములును అచ్చట సరిహద్దు నిర్ణయించుకొనినవి. అయినను తమిళనాటి మరపడవలు రాత్రివేళ ఆ గీత దాటి జాఫ్నా, మన్నారు తీరములకు పోవుచున్నవి. అచ్చటివారికి విదేశపు పడవ యనగా మన పడవయే. దాని వల బరువైన పలకలతో సముద్రపు అడుగును గీకుచు పోవును. రొయ్యలతోపాటు చేపపిల్లలును నశించును. లంక జాలరి సాయంకాలము వేసిన వల తెల్లవారునప్పటికి తెగి యుండును.

ఆ జాలరి ఎవడు? 1983 మొదలు 2009 వరకు జరిగిన యుద్ధములో సముద్రము మూయబడగా ఒడ్డున నిలిచినవాడు. అతడును తమిళము మాటలాడువాడే. ఆ దినములలో అతనివారు అనేకులు తమిళనాట శరణు పొందిరి. శరణిచ్చిన తీరమునుండియే నేడు అతనికి నష్టము వచ్చుచున్నది.

మనవారి మాటయు వినవలెను. సరిహద్దు లేనప్పుడే తమ తాతలు అచ్చట వేటాడిరని వారందురు, అది నిజమే. మన వైపున చేప తరిగినది. పడవలమీద అప్పు లున్నవి. చెరసాలకు పోవువాడు తరచుగా కూలివాడే గాని యజమానుడు కాడు. కాల్పులలో ప్రాణములు కోల్పోయినవారును కలరు. చేపకొరకు నరుని చంపుట ఏ న్యాయము?

అయితే తాతలు తెరచాపలతో పోయి, చిన్న వలలతో పట్టి, మిగిలినది విడిచి వచ్చిరి. పట్టుకొను హక్కుతోపాటు మిగుల్చు అలవాటునుగూడ వారు మనకు స్వాస్థ్యముగా నిచ్చిరి. ఒకటి ఉంచుకొని రెండవది పారవేయుదుమా? శ్రీలంక 2017లో అడుగు గీకు వలను తన జనులకు సైతము నిషేధించినది. ఆకలి ఒక కారణమే గాని, పొరుగువాని జీవనము పాడుచేయుటకు హక్కు కాదు. పేదవాడును తనకంటె పేదవానిని బాధింపగలడు.

తెలుగువారమైన మనము ఇది ఎరుగనివారము కాము. నెల్లూరు తీరపు జాలరులు పొరుగు రాష్ట్రపు పెద్ద పడవలనుగూర్చి ఇట్టి మొరయే పెట్టిరి. అప్పుడు న్యాయము మనకు స్పష్టముగా తోచెను. మనదేశపు పడవలు దాటినప్పుడును అది అట్లే తోచవలెను గదా?

గెన్నేసరెతు సరస్సులో వలలు పిగులుచుండగా పేతురు రెండవ దోనెలోని పాలివారిని సైగచేసి పిలిచెను. రెండు దోనెలును నిండెను. ఈ నెల మన కూటములలో చెరలోనున్న మన జాలరుల విడుదలకై ప్రార్థింతము. ఆ ప్రార్థనలోనే, తెగిన వలతో ఆవలి ఒడ్డున కూర్చున్నవానినిగూడ జ్ఞాపకము చేసికొందము. అడుగు గీకు వేటను మాన్పించి, దానిమీద బ్రదుకు కూలివానికి వేరు దారి చూపుమని మన ప్రభుత్వమును అడుగుదము. ఆవలి దోనెలోనివాడును మన పాలివాడే.