దొడ్డి దర్వాజ ఏది?

సూర్యాపేటల ఒక పాత భవంతి అమ్మకానికొచ్చింది. కొందామా వద్దా అని మా ఇంట్ల మూడు వారాలు లొల్లి నడిచింది. ఉద్యోగం చేసుకునేటోడు ఇల్లు కొనుక్కుంటే అది వాని సొంత సంగతి, దళితుల పుస్తకంల దానికేం పని అని మీరు అడగొచ్చు. ఆ ఇంటి గోడలకు సున్నం మోసింది మా తాత. కూలికి కాదు, వెట్టికి. అందుకే రాస్తున్న.

మాది కోదాడ అవతల ఒక ఊరి మాదిగవాడ. మా ఇంటి మీద డిగ్రీ మొఖం చూసిన మొదటి మనిషిని నేనే. మొదటి కొలువు మిర్యాలగూడ దగ్గరి ఊళ్లె సర్కారు బడిల దొరికింది. ఇప్పుడు పిల్లల చదువుల కోసం సూర్యాపేటల కిరాయికుంటున్నం. కిరాయి ఇల్లు దొరకబట్టుడంటే ఏందో మా వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. 'సార్ ఏం చేస్తరు?' అంటరు. 'టీచర్ని' అంటే నవ్వుతరు. 'మీ ఇంటిపేరేంది సార్?' అని రెండో ప్రశ్న అడుగుతరు. అది విన్నంక ఇల్లు చుట్టానికి మాటిచ్చినమని గుర్తుకొస్తది. అట్ల నాలుగు ఇండ్ల కాడ అయినంక, అప్పు చేసైనా సొంత ఇల్లు కొనాలని పట్టుబట్టిన.

బేరగాడు తీసుకపోయి చూపెట్టిందే ఆ భవంతి. కోదాడ దిక్కు భూములున్న ఒక దొర పట్నం మకాం కోసం 1948కి ముందు కట్టించుకున్నది. ఇప్పుడు మనుమడు బాగు చేయించి అమ్మకానికి పెట్టిండు. టేకు స్తంభాలు గీకించి నూనె పట్టించిండు. నడిమింట్ల వాన పడే చోట గాజు కప్పు వేయించిండు. విరిగిన గూనపెంకలు తీసి కొత్తవి కప్పించిండు. అరుగు మీద నాపరాళ్లు నున్నగ మెరుస్తున్నయి. ధర 85 లక్షలు. 'పాతకాలం పనితనం సార్. డంగుసున్నం గోడలు. మేకు కొడితే మేకే వంగుతది' అన్నడు బేరగాడు.

ఆ పనితనం ఎవరిదో నాకెర్క. తాత బతికున్నప్పుడు ఎన్నిసార్లు చెప్పిండో. అప్పుడాయనకు పదిహేడో పద్దెనిమిదో ఏండ్లు. మేళ్లచెర్వు దిక్కు నుంచి సున్నపురాయి ఎడ్లబండ్ల మీద వచ్చేది. దాన్ని బట్టీల కాల్చాలె. నీళ్లు పోసి ఇరగ్గొట్టాలె. ఇసుకతో కలిపి ఎడ్లు కట్టిన గానుగల నూరాలె. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలపాలె. వేడి సున్నం తట్టలు మోసి మోసి అరచేతులు పుండ్లు పడేటియట. పూటకింత గటుక పోసేటోళ్లు, అది గూడ దొడ్డి దర్వాజ బయట. ఆ బెల్లం నీళ్లు ఒక్క గుక్క తాగినందుకు ఒక పోరగాన్ని చింతబరిగెతో కొట్టిన్రని చెప్పి తాత ఊకునేటోడు. ఆ పోరడు ఎవరని మేం అడగలే.

ఇది ఒక్క మా తాత కథ కాదు. నల్లగొండ జిల్లాల జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు, సూర్యాపేట దేశ్‌ముఖ్‌కు 20 వేల ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య 1972ల అచ్చయిన తెలంగాణ పోరాట పుస్తకంల రాసిండు. అంత భూమి ఉన్నోళ్ల గడీలు, భవంతులు వాటంతటవి లేవలే. కుమ్మరి కుండలియ్యాలె, చాకలి బట్టలుతకాలె, అన్ని కులాలకూ వెట్టి ఉండె. అందరికన్న కింద అంటరాని కులాలుండె. ఎప్పుడు పిలిస్తే అప్పుడు, ఏ పని చెప్తే ఆ పని.

ఇక్కడ నాకొక ప్రశ్న పుట్టింది. 'దున్నేవానిదే భూమి' అని ఈ గడ్డ మీద పోరాటం జరిగింది. 1950ల హైదరాబాదు కౌలుదారీ చట్టమొచ్చింది. రక్షిత కౌలుదారు అని పట్టీల పేరెక్కినోనికి దుక్కి మీద హక్కొచ్చింది. మరి కట్టినోనిదే ఇల్లు అని ఎవరూ ఎందుకనలే? మా తాత కౌలుదారు గాదు. ఏ పట్టీలనూ ఆయన పేరు లేదు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. ఇగ ముందు చేయించుకోవద్దన్నది. అప్పటిదాకా చేయించుకున్నదానికి బాకీ కట్టుమని మాత్రం ఎవరికీ చెప్పలే. బ్యాంకోడు నాకు ఇరవయేండ్లకు వడ్డీ లెక్కగట్టి కాగితం చేతిల పెట్టిండు. మా తాత కూలికి డెబ్బయి ఎనభయ్యేండ్ల వడ్డీ కట్టే బ్యాంకు ఏది?

ఈ మాటే నా భార్య ఇంకో తీరుగ అన్నది. 'ఎనభై ఐదు లక్షలు మల్ల ఆళ్లకే కట్టాలె గద. తాత కూలి అందుల తగ్గిస్తరా, అడుగు' అన్నది. నవ్వుకుంటనే అన్నది గని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

సంఘంల పనిచేసే దోస్తు ఇంకో మాట చెప్పిండు. 'కొనన్నా. తాత లోపలికి రానియ్యని ఇంట్ల మనుమడు మంచమేసుకొని పండుకుంటే అంతకన్న ఏం గావాలె?' ఆ మాటకు ఒళ్లు పులకరించింది. నిజం చెప్పాలంటే నా ఆశ గూడ అదే. పొద్దుగాల ఆ అరుగు మీద కుర్చీ ఏసుకొని కాలు మీద కాలు ఏసుకోవాలె, దారెంట పోయేటోళ్లు చూడాలె. ఇంకా తవ్వి చూసుకుంటే సిగ్గేసింది. నేను తల్సుకుంటున్నది దొర కూసున్న తీరే. అంత పెద్ద వాకిలి ఎవరు ఊడుస్తరు? పనిమనిషిని పెట్టుకుంటం. ఆమె ఏ వాడ నుంచి వస్తది? మా వాడ నుంచే. ఆమె ఏ దర్వాజల నుంచి లోపలికొస్తది?

పైసలొస్తే కులం పోతదనే మాట మా దిక్కు నమ్మే తీరుగ లేదు. 2018 సెప్టెంబరుల మిర్యాలగూడల ప్రణయ్‌ని పట్టపగలు నరికిన్రు. ఆ పోరడు చదువుకున్నోడే, ఇల్లూ వాకిలీ ఉన్నోడే. కులం అడ్డమైన చోట అవేం కాపాడలే.

ఆఖరికి నాయినను తీసుకపోయిన. నాయినకు ఆ ఇల్లు నాకన్న ఎక్కువ ఎర్క. తాత తెచ్చిన అప్పు కింద పదేండ్ల వయసుల అక్కడ జీతమున్నడు. దొర పిల్లలు పట్నంల చదువుతుంటే పశువుల పని, పేడ పని చేసిండు. వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం 1976ల వచ్చింది. అప్పటికి ఆయన బాల్యం అయిపోయింది.

గేటు కాడనే చెప్పులిడిచిండు. 'నాయినా, తొడుక్కో' అన్న. తొడుక్కోలే. దొర మనుమడు మర్యాదగ ఎదురొచ్చి 'రండి పెద్దాయనా, కూర్చోండి' అన్నడు. తప్పు పట్టేటట్టు ఒక్క మాట అనలే. నాయిన మాత్రం కూసోలే. నాకు కోపమొచ్చింది. ఎవరి మీద రావాల్నో తెల్వక నాయిన మీదనే వచ్చింది.

ఆయన గదులు చూడలే. సీదా ఎనుకకు పోయిండు. అక్కడ తెల్లగ గీసిన గోడ, పూలకుండీలు. గోడ పొడుగూత అటు ఇటు రెండుసార్లు నడిచి 'దొడ్డి దర్వాజ ఏదిరా?' అన్నడు. దొర మనుమడే జవాబు చెప్పిండు. 'అది మూసేయించినమండి. చూడ్డానికి బాగుండదని.' మాకు నీళ్లు ఎత్తిపోసే బండ గూడ తీసేసిన్రు. స్తంభాలున్నయి. అరుగున్నది. దొర తాత ఫోటో పెట్టే గూడు గూడ ఉన్నది. మేం నిలబడ్డ జాగ ఒక్కటే లేదు.

బయటికొచ్చినంక నాయిన ఒకటే మాట అన్నడు. 'ఆ దర్వాజ లేకపోతె మనం ఈడ చేసినట్టు ఎవలకెర్క?'

ఇల్లు బాగు చేయించుడంటే చరిత్ర రాసుడేనని నాకప్పుడు తెలిసింది. ఏది ఉంచాలె, ఏది పీకాలె అని ఎవడో కూసోని ఎంచుతడు. బడి పుస్తకాలల్ల గూడ జరిగింది ఇదే. నేను పిల్లలకు చెప్పే పాఠాలల్ల గుడి కట్టించిన రాజు పేరుంటది, రాయి మోసినోని పేరుండది.

అంబేడ్కర్ 1917ల బరోడాల పెద్ద కొలువుకు పోయినా ఇల్లు దొరకలే. పార్శీ పేరు పెట్టుకొని పార్శీల సత్రంల ఉంటే కర్రలతో వచ్చి ఎల్లగొట్టిన్రు. తర్వాత సముద్రం ఒడ్డున్న బొంబాయిల, దాదర్‌ల, ఆయన సొంతంగ రాజగృహ కట్టుకున్నడు. అందుల ఎక్కువ జాగ పుస్తకాలకే. 1921-22ల లండన్ల చదువుకుంటూ ఆయన ఉన్న ఇంటిని 2015ల మహారాష్ట్ర ప్రభుత్వం కోట్లు పెట్టి కొన్నది. అది తెల్లోళ్ల పాత వీధిల ఇల్లు. అందుల ఒక విద్యార్థి ఉండి పోయిండని గుర్తు పెట్టుకోనీకె కొన్నరు. మంచి పనే. అయితే మన తాతలు ఉండనీకె గాదు, కట్టనీకె మాత్రమే పోయిన ఇండ్లున్నయి. వాటి గుర్తు ఎవరు కొంటరు?

మేం ఆ ఇల్లు కొనలే. కొనుడు తప్పని చెప్తలేను. మన వాళ్లు కొనాలె, ఊరి నడుమ ఉండాలె. కొన్నంత మాత్రాన బాకీ తీరిందనుకోవద్దు, అంతే. రిజిస్ట్రేషన్ కాగితం మీద న్యాయం అని రాసుండది, ధర అని రాసుంటది. మా వాటం చూసుకుంటే ఆ ధర కట్టి ఆ ఇంట్లకు పోయినా, నాయిన ఎన్నడూ ముందు దర్వాజల నుంచి రాడు. ఎనుక దర్వాజ లేనే లేదు. ఆయనకు తొవ్వ లేని ఇల్లు నాకెందుకు?

ఇప్పుడు ఊరి బయట చిన్న జాగ చూస్తున్నం. రెండు అర్రలు వేసుకుంటం. కట్టే మేస్త్రీల, కూలోళ్ల పేర్లు తలుపు పక్కన గోడ మీద రాయిద్దామని నా బిడ్డ అన్నది. రాయిస్త. దానికంటె ముందు ఈ నాలుగు పేజీలు రాసిన. తాత పేరు ఏ పట్టీలనూ లేదని చెప్పిన గద. ఆయన పని ఇక్కడన్న ఎక్కాలె.