మేలు జరిగితే చాలా? కారణంతో పని లేదా?

ఒక ప్రశ్న అడుగుతాను. ఒక పని చేస్తే మీకు మేలు జరిగింది. ఆ పని నేర్పినాయన చెప్పిన కారణం మాత్రం నిజం కాదు. అయినా ఫర్వాలేదా? నొప్పి తగ్గింది కదా, కారణంతో మనకేం పని అని ఊరుకోవచ్చా?

తాయెత్తు విషయంలో మనం ఎప్పుడో జవాబు చెప్పేశాం. తాయెత్తు కట్టాక జ్వరం తగ్గినా, తగ్గించింది తాయెత్తు కాదని మనకు తెలుసు. మరి అలాంటి మాటే సైన్సు వేషం వేసుకుని వస్తే అంత గట్టిగానూ నిలదీస్తున్నామా? యోగా క్లాసుల్లో ఈ మధ్య బాగా వినిపిస్తున్న ఒక మాటను తీసుకుని చూద్దాం.

ఆ మాట ఫేసియా. మాంసం కోసేటప్పుడు కండ మీద పల్చగా, తెల్లగా మెరిసే పొర మీరు చూసే ఉంటారు. అదే ఫేసియా. మన ఒంట్లోనూ ప్రతి కండరాన్నీ చుట్టి, పక్కదానితో కలిపేది ఇదే. అందులో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే పీచు. పొరకూ పొరకూ మధ్య హైలురోనాన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. అది ఉండబట్టే మనం వంగినప్పుడు పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి.

కుర్చీలో కూర్చుని కుడి చెయ్యి పైకెత్తి, మెల్లగా ఎడమ పక్కకు ఒరిగి చూడండి. చంక కింద నుంచి పక్కటెముకల మీదుగా తుంటి దాకా లాగినట్టు తెలుస్తుంది. యిన్ యోగా అనే పద్ధతిలో నేల మీద పడుకుని, ఒంటిని నెలవంకలా ఒక పక్కకు వంచి, 3 నుంచి 5 నిమిషాల దాకా అలాగే ఉంటారు. లేచేసరికి ఆ పక్క తేలికపడుతుంది. ఊపిరి హాయిగా ఆడుతున్నట్టుంటుంది. ఈ అనుభవం నిజం. దాన్ని ఎవరూ కాదనక్కర్లేదు.

ఆ తర్వాత చెప్పే మాట దగ్గరే మనం ఆగాలి. "మీ ఫేసియా అతుక్కుపోయింది, నెమ్మదిగా లాగాం కాబట్టి మైనంలా కరిగి సాగింది" అంటారు. కొలిచి చూసినవాళ్ళు ఏమన్నారో వినండి. 2008లో వచ్చిన ఒక గణిత అధ్యయనం ప్రకారం, తొడ మీదా అరికాలిలోనూ ఉండే గట్టి ఫేసియాను చేతులతో నొక్కి ఒక్క శాతం మార్చాలన్నా మనిషి వల్ల కానంత బలం కావాలి. 2010లో వెప్లర్, మాగ్నుసన్ అనే పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను పరిశీలించారు. కొన్ని వారాలు సాగదీసే వ్యాయామం చేసినవాళ్ళు మునుపటికంటే ఎక్కువ వంగగలగడానికి ముఖ్య కారణం, లాగుడును ఓర్చుకునే హద్దు మారడమేనని తేల్చారు. కండరం పొడవు పెద్దగా మారలేదు.

అలాగని ఫేసియాకు ఏ పాత్రా లేదనుకోకండి. హెలెన్ లాంజెవిన్ బృందం 2011లో అల్ట్రాసౌండ్‌తో చూస్తే, చాలాకాలంగా నడుం నొప్పి ఉన్నవాళ్ళలో అక్కడి పొరల జారుడు సుమారు 20 శాతం తక్కువగా కనబడింది. అయితే జారుడు తగ్గి నొప్పి వచ్చిందా, నొప్పితో కదలక జారుడు తగ్గిందా అనేది ఆ కొలత చెప్పదు. ఎలుకల మీద చేసిన పరీక్షలో రోజుకు 2 సార్లు, 10 నిమిషాల చొప్పున మెల్లగా సాగదీస్తే వీపులోని వాపు తగ్గింది. అది ఎలుకల్లో కనబడిన ఫలితం. మనుషులకు అదే జరుగుతుందని దాన్నిబట్టి చెప్పకూడదు.

మరి నెమ్మదితనం ఎందుకు పనిచేస్తుంది? తటాలున లాగితే నరాలు ప్రమాదమనుకుని కండరాన్ని బిగించేస్తాయి. మెల్లగా ఒరిగి, ఊపిరి పీల్చుకుంటూ ఉంటే ఆ కాపలా సడలుతుంది. ఇందులో శరీరాన్ని ఓడించడమేమీ లేదు. ఇక్కడ భయం లేదని దానికి తెలియజేస్తున్నాం, అంతే.

"ఏదైతేనేం, ఫలితం ఒకటే కదా" అంటారేమో. ఒకటి కాదు. తన ఒంట్లో ఉన్నది బిగిసిన తాడు అనుకున్నవాడు ఇంకా గట్టిగా లాగుతాడు, దెబ్బ తగిలించుకుంటాడు. కాపలా అని తెలిసినవాడు నొప్పి రాగానే ఆగుతాడు. "నీ లోపల అతుక్కుపోయింది" అన్న మాట మనసులో భయం నాటుతుంది. ఆ భయం పట్టుకున్నవాడు విడదీసే మనిషి కోసం మళ్ళీ మళ్ళీ డబ్బు పట్టుకుని వెళ్తాడు. దోషం ఉందని చెప్పి శాంతి చేయించే పద్ధతి మనకు కొత్తది కాదు.

ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యమైనది. రోజంతా ఒకే భుజం మీద బస్తాలు మోసే హమాలీ ఉన్నాడు. ఒకే చంకన బిందె పెట్టుకుని నీళ్ళు మోసే ఆడమనిషి ఉంది. వాళ్ళ డొక్క నొప్పికి కారణం ఫేసియా అని చెప్పేస్తే బరువు గురించి, పని గంటల గురించి, విశ్రాంతి గురించి ఇక ఎవరూ మాట్లాడరు. కారణం తప్పు చెబితే బాధ్యత కూడా తప్పు మనిషి మీద పడుతుంది. మోయించినవాడు తప్పుకుంటాడు. మోసినవాడి ఒంట్లోనే లోపం ఉన్నట్టవుతుంది.

"కాలాములకు బుద్ధుడు చెప్పింది కూడా మేలు చేసేదాన్ని ఆచరించమనే కదా" అని మీరు అడగవచ్చు. నిజమే. అదే బోధలో గురువు చెప్పాడనో, పరంపరగా వస్తోందనో నమ్మవద్దని కూడా ఉంది. రెండూ కలిపి చదవాలి. మేలు చేసే పనిని ఉంచుకుందాం. దానికి తగిలించిన కథను పరీక్షిద్దాం. కారణం ఉంటేనే కార్యం ఉంటుందని చెప్పే ధమ్మంలో, కారణాన్ని గాలికి వదిలేస్తే మిగిలేది ఏముంది?

కాబట్టి పక్కకు ఒరగడం మానకండి. మెల్లగా, రెండు పక్కలా సమానంగా చేయండి. పోటు వస్తే ఆపండి. కాలు తిమ్మిరెక్కినా, నొప్పి కిందికి పాకినా డాక్టరు దగ్గరకు వెళ్ళండి. నేర్పేవాళ్ళు ఏ కారణం చెప్పినా "ఇది మీకెలా తెలిసింది?" అని మర్యాదగా అడగండి. బస్తా మోసే అన్నకు వ్యాయామం నేర్పే రోజునే, ఆ బస్తా బరువెంతో కూడా అడిగి తెలుసుకోండి.